సాయిలు తాగనియ్యని కషాయం

దయ్యాలు, ఆత్మలు అంటే నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్మను. మొక్కల్లో మందు గుణం ఎక్కడుందో వెతకడం నా ఉద్యోగం. ఏ చెక్కనో వేరునో నూరి, దాని సారం తీసి మిషన్‌లో పెడితే, అందులో ఏ పదార్థం ఎంత ఉందో కాగితం మీద గీతలుగా వస్తుంది. ఆ గీతలు చదివి ఇది మందు, ఇది విషం అని చెప్తాను. గీతల్లో కనిపించనిది నా లెక్కలో లేనట్టే.

అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేండ్లు జంకిన.

ఇది మా నాయిన తల్లి రాజవ్వకు జరిగింది. సాయుధ పోరాటం నడిచేటప్పుడు అవ్వ, తాత ఇద్దరూ దళంలో ఉన్నరు. అంతకుముందు వాళ్లది జనగామ దగ్గర చిన్న ఊరు. దొర మనుషులు వాళ్ల ఇంటికి నిప్పు పెట్టి, అడ్డమొచ్చిన అవ్వ అన్నను ఆ మంటల్లోకే తోసిన్రు. ఆ తర్వాత ఇద్దరూ కొత్తగూడ అడవికి పోయిన్రు. తాత దళానికి నాయకుడైండు. అవ్వ గాయాలు కడిగి కట్లు కట్టేది.

ఒకనాడు పొద్దున్నే వాగు దగ్గర పోలీసులు చుట్టుముట్టి కాల్పులు మొదలుపెట్టిన్రు. నీళ్లల్ల ముఖాలు కడుక్కుంటున్నోళ్లు అట్లనే బోర్లపడ్డరట. బతికినోళ్లు, గాయపడ్డోళ్లను భుజాల మీద వేసుకొని గుట్టెక్కి బండల చాటుకు చేరిన్రు.

ఆ గాయపడ్డోళ్లల్ల సాయిలు ఒకడు. బయ్యారం దిక్కు మనిషి. పక్కనే బాంబు పేలి మొఖమంతా కాలింది. అవ్వ అతని కండ్ల మీద నుంచి తల చుట్టూ గుడ్డ కట్టింది. అప్పటి నుంచి అతనికి సోయి లేదు. పిలిచినా, గిల్లినా పలకలేదు.

బండల చాటున ఉన్నోళ్లకు నెత్తురు విరేచనాలు పట్టుకున్నయి. కిందికి దిగితే పోలీసులు. దిగకపోతే ఇట్లనే చావు. నెత్తురు విరేచనాలకు కొడిశపాల చెట్టు చెక్క కషాయం మా దిక్కు అందరికీ తెలిసిన మందు. అవ్వ తనే పోయి ఒక్క చెట్టు నుంచే చెక్క చెక్కుకొని వచ్చింది. పొగ రాకుండా ఎండు పుల్లలు పెట్టి కుండలో మరగబెట్టింది.

కుండ దించి ముందుగాల తాతకు పోసిచ్చింది. తాత గిన్నెను నోటి దాక తీసుకపోయిండు.

సాయిలు లేచిండు. కండ్ల మీద కట్టిన గుడ్డ అట్లనే ఉండంగ, పడుకున్నోళ్ల మీద కాలు పడకుండా దాటుకుంటూ నేరుగా వచ్చిండు. తాత చేతిలో గిన్నెను కొట్టిండు. కుండను కాలితో తన్నిండు. అది బండకు తగిలి పగిలింది. పెంకులో మిగిలిన కషాయమన్నా దక్కించుకుందామని అవ్వ వంగింది. సాయిలు రెండు చేతులతో ఆమె గొంతు పట్టి వెనుకకు గుంజిండు.

"తాగొద్దక్కా. అండ్ల సావున్నది," అన్నడు. అరవలేదు, మెల్లగనే అన్నడు. కానీ పట్టు వదల్లేదు.

అవ్వకు ఊపిరి ఆగిపోతున్నది. కింద పోలీసుల అలికిడి వినపడుతున్నది. తాత తుపాకి మడమతో సాయిలు తల వెనుక కొట్టిండు. వదల్లేదు. మళ్లా కొట్టిండు. తల పగిలి సాయిలు అవ్వ మీదనే పడ్డడు. అతని నెత్తురు తన నోట్లోకి వచ్చిందని, ఉప్పగున్నదని అవ్వ చెప్పింది.

దళం వెంబడి తిరిగే కుక్క ఒకటుండేది. బండ గుంతలో నిలిచిన కషాయాన్ని అది నాకింది. కాసేపటికి కాళ్లు కొయ్యబారినయి. తల వెనుకకు విరుచుకొని, ఒళ్లు విల్లులెక్క వంగి చచ్చిపోయింది. సాయిలు ఒళ్లు ఇంకా వెచ్చగనే ఉన్నది. తాత అతని కాళ్లు పట్టుకొని కూలబడ్డడు.

సాయిలును అక్కడే రాళ్ల కింద పెట్టిన్రు. ఇంటికి మాత్రం పోలీసుల గోలి తగిలి పోయిండని కబురు పంపిన్రు. తాత చచ్చేదాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అవ్వ గొంతు ఆ రోజు నుంచి బొంగురే.

నేను పరిశోధనలో చేరినంక అవ్వ నాకు ఇదంతా చెప్పింది. ఆనాడు వాడగా మిగిలిన చెక్కను, ఎవరన్నా తాగుతరేమోనని, గుడ్డలో మూటగట్టి దాచిందట. అది నా చేతిలో పెట్టి, "సాయిలు చెప్పింది నిజమో కాదో నాకు తెల్వాలె బిడ్డా," అన్నది.

నాకు ఇది తేలిక లెక్క అనిపించింది. కుక్క చచ్చిన తీరు అచ్చం ముష్టి చెట్టు విషం తీరు. తొందరలో అవ్వ ముష్టి చెట్టు చెక్క తెచ్చి ఉంటదనుకున్న. సాయిలుకు వాసన తగిలి ఉంటదని సర్దిచెప్పుకున్న.

పరీక్ష చేసిన. కొడిశపాలలో ఉండాల్సినవన్నీ ఉన్నయి. ముష్టి విషం లేదు. ఎండిన చెక్కలో అది అంత తొందరగా పోయే పదార్థం కాదు. పోల్చడానికి పెట్టిన ముష్టి చెక్కలో ఆ గీత నిటారుగా లేచింది. అవ్వ చెక్కలో అదే చోట చదునుగా ఉంది. మాకు తెలిసిన వేరే విషాలకు కూడా చూసిన. ఏవీ లేవు.

మొదటిసారి పెట్టినప్పుడు మాత్రం చిన్న గీత ఒకటి వచ్చింది. మా దగ్గర నమోదైన ఏ పదార్థంతోనూ అది కలవలేదు. మళ్లీ పెడితే రాలేదు. నాతో పనిచేసేవాళ్లు పెట్టినా రాలేదు. మిషన్‌లో మురికి అన్నరు. ముందూ వెనుకా ఉత్త ద్రావకం పెట్టి చూసిన గీతలు శుభ్రంగా ఉన్నయి; మురికైతే వాటిల్లో కూడా కనబడాలె. అయినా నేను కూడా మురికే అని రాసిన.

విషం లేదని అవ్వకు చెప్పిన. "మరి కుక్కెందుకు సచ్చింది?" అని అడిగింది. తర్వాత, తనను బయ్యారం తీసుకపొమ్మన్నది.

సాయిలు అక్క కొమురవ్వ ఇంకా బతికే ఉంది. అవ్వ ఆమె ముందర కూసొని అంతా చెప్పింది. తాత తుపాకి మడమ సంగతి కూడా దాచలేదు. కొమురవ్వ లేచి అవ్వ జుట్టు పట్టుకొని, మొఖం మీద, రొమ్ము మీద కొట్టింది. నేను అడ్డం పోతుంటే అవ్వ చెయ్యెత్తి ఆపింది. కొమురవ్వ కొట్టి కొట్టి రొప్పుతూ గోడకు ఒరిగింది.

అప్పుడు నా దిక్కు చూసింది.

"మా తమ్ముడు ఎర్రిలేసి గట్ల చేసిండా, తెలిసే చేసిండా? నువ్వు సదువుకున్నదానివి. చెప్పు బిడ్డా."

నా సంచిలో కాగితాలున్నయి. వాటి ప్రకారం చెప్తే సాయిలు పిచ్చోడు. కాదనడానికి చచ్చిన కుక్క తప్ప నా దగ్గర ఏమీ లేదు. అవ్వ కూడా నా మొఖమే చూస్తున్నది.

"తెల్వదవ్వా," అన్న.

తెలిసి దాస్తున్నననుకున్నది కొమురవ్వ. ఇప్పుడు అడిగినా నా దగ్గర ఉన్నది ఆ ఒక్క జవాబే.