మా పెద్దమ్మ బీఎడ్ సీటు

పోయిన శుక్రవారం పొద్దున కొత్తకోట హైవే మీద పంక్చర్ షాపులో నేను లారీ టైరు విప్పుతుంటే అవ్వ ఫోన్ చేసింది. అవ్వ ఎప్పుడు ఫోన్ చేసినా ముందు "తిన్నవా బిడ్డా" అంటుంది. ఆ రోజు అనలేదు. "పెద్దమ్మ లేదురా" అంది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. దవాఖానలో నర్సు ఎవరి పేరో గట్టిగా పిలుస్తుండడం వినబడింది. డెంగీ అని చెప్పారట. జ్వరం వచ్చినా గోళీలు వేసుకుని కాలేజీకి పోయింది పెద్దమ్మ. పరీక్షలు దగ్గరికొచ్చాయి, సెలవు పెట్టను అంది. చివరికి బస్సులోనే పడిపోయింది.

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. రాయడం పెద్దగా రాదు. ఫోన్లో మెసేజ్‌లు పెట్టడం వరకే అలవాటు. పెద్దమ్మకు "ఊ" అనో "సరే" అనో పంపితే ఊరుకునేది కాదు. "పూర్తిగ రాయరాదురా. మాటలకేమన్న కిరాయి పడ్తదా నీకు?" అని తిరిగి పంపేది. అందుకే ఇది పూర్తిగా రాస్తున్నాను. మా వాడలో ఇప్పటికీ ఆమె పేరెత్తితే మొహం తిప్పుకునే వాళ్లున్నారు. వాళ్లూ చదవాలని రాస్తున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అమ్మానాయినలు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయిన దగ్గర్నుంచి నన్ను అవ్వ, పెద్దమ్మ పెంచారు. పెద్దమ్మకు పిల్లల్లేరు. భర్త ఎక్కడున్నాడో మేమెవ్వరం అడిగేవాళ్లం కాదు.

ఆమె కంటికి కనబడిందల్లా పైకి చదివేది. బస్సు బోర్డు, ఎరువుల బస్తా, లీడర్ల ఫ్లెక్సీలు. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన పేపరు మీద నూనె తుడిచి మరీ చదివేది. వార్త మధ్యలో తెగిపోతే "మిగిలింది ఎవరి బజ్జీలతోని పోయిందో" అని నవ్వేది. పల్లికాయ తెంపడానికి కూలికి పోయి వచ్చి, కాళ్లు కడుక్కుని, సాయంత్రం మా ఇంటి ముందు వాడ పిల్లలందరినీ కూర్చోబెట్టి ట్యూషన్ చెప్పేది. డిగ్రీ కూడా అట్లా కూలికి పోతూనే దూరవిద్యలో పూర్తి చేసింది. ఆదివారం చర్చిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పేది కూడా ఆమే.

కొన్నేళ్లు మా ఊరి బడిలో వలంటీరుగా పని చేసింది. తర్వాత ట్రైనింగ్ లేనివాళ్లు వద్దని ఆపేశారు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఇన్నేండ్లు చెప్పిన. నాకు చెప్పుడు రాదంటున్నరు. సరే, నేర్చుకుంట" అంది.

అట్లా బీఎడ్ ఎంట్రెన్స్ రాసింది. ర్యాంకు గొప్పది కాదు, మరీ చెడ్డదీ కాదు. యూనివర్సిటీ కాలేజీలో సీటు వస్తేనే మా వల్ల అవుతుంది. ప్రైవేటు కాలేజీ ఫీజు మేము కట్టలేం. ఎస్సీ కోటాలో ఐతే ఆ ర్యాంకుకు యూనివర్సిటీలోనే వస్తుందని అందరూ అన్నారు. కానీ పెద్దమ్మ కులం సర్టిఫికెట్ పాతది, చేత్తో రాసింది. కొత్తది తెమ్మన్నారు. కొత్తది కావాలంటే ఎంక్వైరీకి మండలాఫీసు నుంచి ఆర్‌ఐ సారు ఇంటికి వస్తాడు.

మా వాడ సంగతి తెలియని వాళ్లకు చెప్పాలి. మా తాతల కాలం నుంచీ మేము చర్చికి పోతాం. కాగితాల్లో మాత్రం హిందువులమే. క్రైస్తవులమని చెప్తే ఎస్సీ పోతుంది, బీసీ-సీ అంటారు. దాంట్లో సీట్లు చాలా తక్కువ. అందుకని ఎంక్వైరీ ఉందంటే చాలు, ఆ ఇంట్లో ఏసయ్య క్యాలెండర్‌ను గోడ వైపు తిప్పుతారు. ఆడవాళ్లు బొట్టు పెట్టుకుంటారు. పక్కింటి వాళ్లు మైసమ్మ పటం అరువిస్తారు. ఇది మోసమని మా వాళ్లెవరూ అనుకోరు. దేవుణ్ని మార్చినా మమ్మల్ని పిలిచే పిలుపు మారలేదు కదా అంటారు. వచ్చే సార్లకూ ఈ సంగతి తెలుసు. వాళ్లు అడుగుతారు, మేము చెప్తాం, వాళ్లు రాసుకుని పోతారు.

ఆ రోజు అవ్వ పొద్దున్నే లేచి అలుకు చల్లింది. నేను క్యాలెండర్ తిప్పాను. అవ్వ స్వయంగా పెద్దమ్మకు బొట్టు పెట్టి దూరం నుంచి చూసి, "జర పెద్దగైంది. ఫికర్ లేదు, పెద్దగుంటేనే నమ్ముతడు" అంది. పెద్దమ్మ కూడా నవ్వింది. ఆమెకు అప్పటిదాకా ఏ పట్టింపూ లేదు. అది నిజం.

పొద్దున వస్తానన్న ఆర్‌ఐ సారు సాయంత్రం వచ్చాడు. మంచం మీద కూర్చుని అవ్వను అడిగాడు. "మీకు ఏ దేవుడమ్మా?"

"మైసమ్మ సారు. మా అత్తగారి కాడికెల్లి మైసమ్మే."

సారు రాసుకుంటున్నాడు. అంతలో ట్యూషన్ పిల్లలు వచ్చేశారు. అన్నీ సర్దిన మేము పిల్లలకు రావద్దని చెప్పడం మరిచిపోయాం. వాళ్లు రోజూ లాగే వరసగా నిలబడి, చేతులు జోడించి, కొత్త మనిషి ఉన్నాడని ఇంకా గట్టిగా, "వందనాలు టీచర్, వందనాలు సార్" అన్నారు. అది చర్చిలో చెప్పుకునే వందనం. ఊర్లో ఇంకెవరూ అట్లా అనరు.

సారు పెన్ను ఆపి నవ్వాడు. అందరికంటే చిన్నపిల్లగాడిని దగ్గరికి పిలిచాడు. "మీ టీచరమ్మ ఆదివారం ఏం చెప్తదిరా మీకు?"

వాడు సారు వైపు చూడలేదు. పెద్దమ్మ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. వెనక నుంచి అవ్వ తల అడ్డంగా ఊపుతోంది.

"పిల్లగాన్ని అడగకు సార్" అంది పెద్దమ్మ. "నన్నడుగు. నేను చర్చికి పోత."

సారు మంచివాడే. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "నాకు సరిగ్గ ఇనబడలేదమ్మా. ఇంకోసారి చెప్పు, ఆలోచించి చెప్పు" అన్నాడు.

పెద్దమ్మ ఆ చిన్నోడి భుజం మీద చెయ్యి వేసింది. "చర్చికి పోత సార్."

"నీ ఇష్టం తల్లి" అని సారు లేచాడు. బండి స్టార్ట్ చేసే దాకా అవ్వ ఆయన వెనకాలే పోయింది. "సారూ, దానికి జరమొచ్చింది సారూ, ఏం మాట్లాడుతుందో దానికే తెలుస్తలేదు" అంటూ.

ఆ మాట చీకటి పడకముందే వాడంతా పాకింది. చిన్నోడి తల్లి మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. "నీ నీతి నీ కాడనే పెట్టుకోరాదు అక్కా? రేపు మా బిడ్డ సర్టిఫికెట్‌కు వచ్చి, మీరంత గట్లనే కదా అంటే ఏం చెప్పాలె? మా బిడ్డ హాస్టల్ సీటు పోతే నువ్వు చదివిస్తవా?" అని అడిగింది. ఆ తల్లి అడిగిన దాంట్లో తప్పు లేదు.

చర్చి అయ్యగారు కూడా వచ్చాడు. "ఎవరు చెప్పమన్నరమ్మా నిన్ను? దేవుడు మనసు చూస్తడు, సర్టిఫికెట్ చూడడు" అన్నాడు.

"నేనూ గదే అనుకున్న అయ్యగారు," అంది పెద్దమ్మ, "పిల్లగాడు నా దిక్కు చూసేదాక."

తెల్లారి నుంచి ట్యూషన్‌కు ఎవరూ రాలేదు. ఆదివారం చర్చిలో పిల్లల్ని వేరే ఆమెకు అప్పగించారు. పెద్దమ్మ సాయంత్రం అలవాటు ప్రకారం చాప పరిచేది. కాసేపు ఒక్కతే కూర్చుని మళ్లీ చుట్టేసేది. ఒకరోజు నేను ఉండబట్టలేక, "ఎందుకు చెప్పినవు పెద్దమ్మా" అన్నాను. "మంచిపని చేసిన్నో చెడ్డపని చేసిన్నో నాకు తెలుస్తలేదురా. వాడు నన్ను చూసిండు. ఏం చెప్పాల్నో నేను చెప్తనని చూసిండు. అబద్ధం చెప్పుమని వానికి కన్నుతోటి సైగ చెయ్యనీకి నాకు రాలే. గంతే" అంది.

బీసీ-సీ సర్టిఫికెట్ వచ్చింది. ఆప్షన్లు పెట్టడానికి నెట్ సెంటర్‌కు ఇద్దరం పోయాం. యూనివర్సిటీ కాలేజీ ఒక్కటే పెట్టమంది. "ఇంకొన్ని కాలేజీలు పెట్టు మేడం, ఒక్కటే పెడితే ఎట్ల?" అన్నాడు కంప్యూటర్ ముందున్న అన్న. "వేరేది పెడితే వేరేదే ఇస్తరు. ఇచ్చినంక వద్దంటే ఏం బాగుంటది?" అంది. పెళ్లి పిలుపు వద్దన్నట్టు మాట్లాడుతోందని ఆయన నవ్వాడు. సీటు రాలేదు. రెండో విడతలో కూడా రాలేదు.

మరుసటి ఏడు మళ్లీ రాసింది. ఆ ఏడంతా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. వాడలో ఎంక్వైరీ ఉందంటే అందరూ వణికేవాళ్లు, మా ఇంటి వైపు చూసి గొణుక్కునేవాళ్లు. నాకు తెలిసినంతలో ఎవరి సర్టిఫికెటూ ఆగలేదు. కానీ వాళ్లు పడ్డ భయం ఉత్తదని నేను చెప్పలేను. పెద్దమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. కూలికి పోయేటప్పుడు కొంగులో పుస్తకంలోంచి చింపిన కాగితాలు కట్టుకుని పోయేది. ఈసారి ర్యాంకు బాగా వచ్చింది. ఆప్షన్ మళ్లీ ఒక్కటే పెట్టింది. నేనూ, ఆ నెట్ సెంటర్ అన్నా ఎంత చెప్పినా వినలేదు. అదే వచ్చింది.

సీటు వచ్చిందని తెలిసినప్పుడు చెప్పుకోవడానికి మాకు మేమే ఉన్నాం. అవ్వ మాత్రం కావాలని వీధిలోకి పోయి, బిందె అవసరం లేకపోయినా బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడి వచ్చింది. "ఎవ్వరన్న అడుగుతరేమోనని పోయిన. ఎవ్వరు అడగలే" అంది.

కాలేజీలో తన వయసులో సగం ఉన్న పిల్లల మధ్య కూర్చునేది. వాళ్లు ఆమెను "అక్కా" అనేవాళ్లట. పాఠం చెప్పడం ప్రాక్టీస్ చేయాలని ఇంటి దగ్గర నన్నూ అవ్వనూ కూర్చోబెట్టేది. "ఇప్పుడు మీరు ఆరో తరగతి" అనేది. "నాకు ఒకటే రాలే, ఆరు ఎట్లొస్తదే?" అని అవ్వ లేవబోయేది. "కూసో. లేస్తే బయట నిలబెడ్త" అనేది పెద్దమ్మ. ఆ కొన్ని నెలలు ఆమె గొంతు మళ్లీ మా ఇంటి ముందు వినబడింది. వాడ పిల్లలు దూరంగా గోడ మీద కూర్చుని వినేవాళ్లు. దగ్గరికి మాత్రం రాలేదు.

హైదరాబాద్ నుంచి అమ్మానాయినలు వచ్చాక శనివారం మట్టి చేశాం. వాడలో సగం మంది వచ్చారు. చిన్నోడి తల్లి వాణ్ని పట్టుకుని అందరికంటే వెనక నిలబడింది. కాలేజీ నుంచి రెండు ఆటోల్లో ఆమె తోటి పిల్లలు వచ్చారు. ఆడపిల్లలందరూ ఒకే రంగు కాలేజీ చీరల్లో ఉన్నారు.

గుంత దగ్గర అయ్యగారు ప్రార్థన చేసి, వాక్యం చదవడానికి ఎవరైనా రమ్మన్నాడు. మా ఊర్లో ఎవరు పోయినా ఆ వాక్యం చదివేది పెద్దమ్మే. ఎవరూ కదల్లేదు. తడబడకుండా పైకి చదవగలిగే వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లు కూడా నేల చూస్తూ నిలబడ్డారు. నాకు అట్లా పైకి చదవడం రాదు. అవ్వ ఒక్కొక్కరి మొహం చూస్తూ పోయింది.

అప్పుడు ఆ కాలేజీ పిల్లల్లోంచి ఒకామె ముందుకొచ్చింది. "నాకియ్యండి సార్, అక్క నా పక్కనే కూర్చునేది" అని బైబిలు తీసుకుంది. ఎప్పుడూ ముట్టని పుస్తకమని పట్టుకోవడంలోనే తెలుస్తోంది. అయ్యగారు ఎక్కడ మొదలుపెట్టాలో వేలు పెట్టి చూపించాడు. ఎక్కడ ఆపాలో చెప్పలేదు. ఆమె తడబడుతూ మొదలుపెట్టి, తర్వాత గొంతు పెంచి చదివింది. పాఠం చెప్పేటప్పుడు వాక్యం అయిపోగానే తలెత్తి పిల్లల్ని చూడాలని వాళ్లకు నేర్పిస్తారట. ఆమె ప్రతి వాక్యానికీ తలెత్తి మమ్మల్ని చూసింది. ముందున్న వాళ్లను, వెనకున్న వాళ్లను. ఆ పేజీ అయిపోయింది. తిప్పి రెండో పేజీ చదవసాగింది. పారలు పట్టుకున్న వాళ్లు పారలు కిందికి దించి నిలబడ్డారు. అయ్యగారు కూడా ఆపమనలేదు.