లైట్లు ఆర్పిన పెళ్ళిచూపులు

పెళ్ళిచూపులు సినిమా హాల్లో పెట్టాలన్నది మా వదిన ఆలోచన. మట్టెవాడలో మా దుకాణమున్న బట్టల వీధికి ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఇంటికి పిలిస్తే పదిమందికి తెలుస్తుందని రెండు కుటుంబాలూ ఒకే వరుసలో టికెట్లు తీసుకుంటాయి. నా విషయంలో ఆమెకు మరో లాభం కూడా కనిపించింది. చిన్నప్పటి పోలియో వల్ల, ఎడమ తొడను చేత్తో నొక్కిపట్టనిదే నా అడుగు పడదు. కూర్చుంటే మాత్రం ఎవరికీ తెలియదు.

"వాళ్లు రాకముందే కూసోవాలె. వాళ్లు పోయినంకనే లేవాలె. గంతే," అన్నది వదిన.

"కాలు సంగతి చెప్పినవా, వదినా?"

"నడకల జర తేడా అని చెప్పిన. ఫికర్ చెయ్యకు."

జర అంటే ఎంత అని అడిగాను. వదిన టికెట్ల డబ్బులు లెక్కపెట్టుకుంది. నాకు నలభై మూడేళ్లు. అంతకుముందు రెండు సంబంధాలు నా నడక చూశాకే వెనక్కి పోయాయి. అందుకే ఒప్పుకున్నాను.

నేను చూడాల్సిన ఆమె రఘునాథపల్లిలో టీచరు. మేనమామతో కలిసి వచ్చి నమస్కారం పెట్టింది. నేను కూర్చునే ప్రతినమస్కారం చేశాను. మేనమామ రెండు క్షణాలు నిలబడి చూశాడు. లైట్లు ఆరాక ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది.

"పెద్దోడొస్తే లేవనన్న లేవడాయె. గింత పొగరా?"

నా వీపు చెమటతో కుర్చీకి అంటుకుపోయింది.

తెరమీది కథానాయకుడు చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఇటువంటి సినిమాల ముగింపులను నేను చాలా ఏళ్లుగా డైరీలో రాసిపెట్టుకుంటున్నాను. ప్రేమ దక్కాలంటే అవయవం బాగుపడాలి, బాగుపడకపోతే ప్రియురాలిని స్నేహితుడికి అప్పగించి తప్పుకోవాలి. కుంటుతూనే పెళ్లాడి, పొద్దున్నే పాలప్యాకెట్లు తెచ్చుకున్నవాడు నా పట్టికలో ఒక్కడూ లేడు.

విరామంలో ఆమె నా వైపు తిరిగింది. "బయటికి పోయి చాయ్ తాగుదమా? ఈ లొల్లిల ఏం మాట్లాడుతం?"

"మా మరిది చాయ్ తాగడమ్మా," అన్నది వదిన వెంటనే.

నేను రోజుకు నాలుగుసార్లు తాగుతాను. ఆమె నన్నొకసారి పరీక్షగా చూసి, మేనమామతో వెళ్లిపోయింది.

చివరికి కథానాయిక మీదికి లారీ దూసుకువచ్చింది. కథానాయకుడు కుర్చీ తన్నేసి లేచి పరుగెత్తాడు. హాలంతా ఈలలు. వదిన కూడా చప్పట్లు కొట్టి, నేను గుర్తొచ్చి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

లైట్లు వెలిగాయి. "మీరు నడువుర్రి అన్నా. రష్ తగ్గినంక మేమొస్తం," అన్నది వదిన మేనమామతో.

"మాతోని నడవనీకి గూడ నామోషీనా?" అన్నాడు మేనమామ.

వదిన నా మోచెయ్యి పట్టుకుంది. విడిపించుకుని, కుర్చీ అంచు ఊతంగా లేచాను. తొడమీద చెయ్యి ఆనించి ఆయన ముందు దాకా నడిచాను.

"మీరొచ్చినప్పుడు లేవాల్సింది. లేస్తే ఇది కనబడ్తదని లేవలే."

ఆయన తల దించుకున్నాడు. ఆమె నా కాలును చూసింది, తర్వాత వదినను చూసింది.

"మీకు పొగరనుకున్న. ఇంటికి పోయి వద్దని చెప్దామనుకున్న."

"ఇప్పుడు?" అడగకుండా ఉండలేకపోయాను.

"ఇప్పుడు కోపమున్నది. కాలు మీద గాదు, దాచినందుకు." అన్నదామె. "ఆదివారం మీ దుకాణానికి చీర కొననీకొస్త. ర్యాకుల్లకెల్లి మీరే తియ్యాలె, మీరే చూపియ్యాలె. నచ్చేదాంక తీపిస్త. అప్పుడు చెప్త."

"పొద్దంత తీపిస్తది, చూడు," అని గొణిగాడు మేనమామ.

మెట్ల దగ్గర ఆయన నాకు చెయ్యి అందించబోయాడు. "ఉండు మామా, దిగనియ్యి," అన్నదామె. తన వేగంతో తను దిగిపోయి, కింద నిలబడి పైకి చూసింది. పక్కనుంచి జనం తోసుకుంటూ పోతున్నా చూపు తిప్పలేదు. నేను రెయిలింగు పట్టుకుని మొదటి మెట్టు దిగాను.