మేష్టారి పెట్టెలో ఉండిపోయిన గొంతులు

మేష్టారు పోయారన్న మాట నాకు వీధి కుళాయి దగ్గర తెలిసింది. ఎదురింటి బెంగాలీ ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "మాస్టర్‌మొశాయ్ ఆర్ నేయ్, దీదీ" అంది. ఇక లేరు అని. పొద్దున్నే టీ పెట్టుకుందామని లేచి, పొయ్యి ముందే కూలబడిపోయారట. ఆవిడ తప్పేమీ లేకపోయినా ఆవిడ మీదే అరిచాను. బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టడానికి చెయ్యి రాలేదు.

నాకు అక్షరం రాదు. చెబుతున్నది నేను, రాస్తున్నది మా కోడలు. ఒక్క మాట మెత్తబరిచినా ఊరుకోనని ముందే చెప్పాను.

బెంగాల్లో, ఓడరేవు పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో మా సందు చివరి గది ఆయనది. డాక్‌లో క్రేన్ల దగ్గర కరెంటు పని చేసి రిటైరయ్యారు. సాయంత్రాలు సందులో పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించేవారు కాబట్టి అందరికీ మేష్టారయ్యారు. నాకంటే పదేళ్లు చిన్న. మా ఊళ్ల వైపు అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అని పిలిచేవారు. జనం పారేసిన లాప్‌టాప్‌లు తెచ్చి బాగుచెయ్యడం ఆయనకు పిచ్చి. విప్పిన స్క్రూలను వక్కపొడి డబ్బా మూతలో వరసగా పేర్చేవారు. ఒక్కటి కదిపినా నా చేతి మీద చిన్నగా కొట్టేవారు. నన్ను కొట్టి బతికిన మగవాడు ఆయనొక్కడే.

ఇప్పుడు గొంతుల సంగతి. మేం ఐదుగురం ఆడవాళ్లం డాక్ గోదాముల్లో చిరిగిన గోనెసంచులు కుట్టేవాళ్లం. చేతిలో దబ్బనం, ఒడిలో పురికొస, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక మాట. ఏ రిజిస్టర్లోనూ మా పేర్లు లేవు. ఒక వానాకాలమంతా మధ్యాహ్నాలు మేష్టారు మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టి, కూతురు ఇచ్చిన పాత లాప్‌టాప్‌లోకి మా మాటలు ఎక్కించారు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ ఓడ కింద ఎవరి వేలు నలిగింది, కూలీల మీద పెత్తనం చేసే సర్దారును ఎవరు దబ్బనంతో పొడిచారు, అన్నీ. పొడిచింది నేనే. పూజ అయ్యాక ఈ గొంతులను వేరేదాంట్లోకి కూడా ఎక్కించి దాస్తానన్నారు మేష్టారు. నేను కాక మిగిలిన నలుగురూ ఇప్పుడు లేరు. వాళ్లకు ఫొటోలు కూడా సరిగా లేవు.

పూజంటే విశ్వకర్మ పూజ. ఆ రోజు ఈ ఊళ్లో ఏ పనిముట్టూ పని చెయ్యదు. మేం దబ్బనాలు కూడా కడిగి, బొట్టుపెట్టి దేవుడి ముందు పెట్టేవాళ్లం. ఆ ఏడు నేను గంధం, బంతిపూలు పట్టుకుని మేష్టారి గదికి వెళ్లాను. ఆయన మిఠాయి కోసం వెళ్లారు. లాప్‌టాప్ మాత్రం పని చేస్తోంది. తెర మీద ఏదో గుండ్రంగా తిరుగుతోంది, కింద ఏవో అక్షరాలు. పండగపూట దీనికీ విశ్రాంతి వద్దా అనుకుని, ఆయన నొక్కడం చూశాను గనుక, వెలుగు ఆరిపోయేదాకా మీట నొక్కి పట్టుకున్నాను. బొట్టుపెట్టి పువ్వు పెట్టాను. మేష్టారు వచ్చి ఆరిన తెరను చూసి, మిఠాయి పొట్లం కింద పెట్టారు. తర్వాత, "పువ్వు బాగున్నాదప్పా" అన్నారు. అంతే.

మర్నాటి నుంచి ఆ పెట్టె తెరుచుకోలేదు.

పాత సరుకు, పాడైపోయిందన్నారు నాతో. లాప్‌టాప్‌ను లోపలినుంచి నడిపించే సిస్టమ్ ఆయన దగ్గర ఇంకోటి ఉండేది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు. దాన్ని పెన్‌డ్రైవ్‌లోంచి నడిపిస్తే లాప్‌టాప్ వెలిగింది. కానీ మా గొంతులున్న మెమరీ దానికి కనబడలేదు. ఆ మెమరీ చిప్పు లోపలి పలకకే అతికి ఉంటుందట. దానితో సిస్టమ్ మాట్లాడాలంటే మధ్యలో దుబాసీ లాంటిది ఒకటి కావాలి, దాన్ని డ్రైవర్ అంటారు. కంపెనీవాళ్లు తమ సిస్టమ్‌కే చేసుకున్నారు. మేష్టారి సిస్టమ్‌కి ఎవరూ చెయ్యలేదు.

అయితే అందులో ఏమీ లేదా అని అడిగాను.

"లేదనకప్పా. అగుపడ్డం లేదను" అన్నారు.

తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఓసారి ఒళ్లు మండి, "ఆ పెట్టిని సూసినట్టు నీ పెళ్లాన్ని సూసుంటే ఇంకో పదేళ్లు బతికుండును" అన్నాను. కళ్లజోడు లుంగీ అంచుతో తుడుచుకుంటూ, "ఆవిడికి దుబాసీ అక్కర్లేకపోయిందప్పా, నీలాగే నోరుండీది" అన్నారు.

దుకాణాల వాళ్లు రెండు దారులు చెప్పారు. కంపెనీ సిస్టమ్ మళ్లీ ఎక్కిస్తే లోపలున్నది తుడుచుకుపోవచ్చు. చిప్పును వేడిచేసి ఊడదీస్తే మాడిపోవచ్చు. మేష్టారు రెండూ ఒప్పుకోలేదు. చిప్పు వివరాలు ఇమ్మని కంపెనీకి రాశారు. అది పాత మోడల్, వివరాలు బయటివాళ్లకు ఇవ్వం అని జవాబు. నా తరఫున ఇంకోటి రాయమన్నాను. "మా ఆడోళ్ల గొంతులు మీ పెట్టిలో ఉన్నాయి. నాను మీ పెట్టి అడగట్లేదు, తలుపు ఎటున్నాదో సెప్పండి" అని చెప్పాను. ఒక్క అక్షరం మార్చకుండా ఇంగ్లీషులో పెట్టానన్నారు. జవాబు కూడా ఒక్క అక్షరం మారకుండా మళ్లీ అదే వచ్చింది.

అప్పుడు ఆయన అలాంటి డ్రైవర్లు ఊరికే రాసిపెట్టేవాళ్లకు రాశారు. ఎక్కడో చలిదేశం నుంచి ఒకాయన పలికాడు. తన ఉద్యోగం అయ్యాక చేస్తాడట. ఆయన దగ్గర ఈ మోడల్ లేదు. అందుకని ఆయన రాసి పంపడం, మేష్టారు ఇక్కడ నడిపి చూడడం, తెర ఎక్కడ ఆగిందో తిరిగి రాయడం. ముఖం తెలియని ఇద్దరు మగవాళ్లు రెండేళ్లు మా ఐదుగురు ఆడవాళ్ల గొంతుల కోసం అలా తవ్వారు. పోయే ముందు వారం మేష్టారు నన్ను కేకేసి పిలిచారు. తెర మీద వేలు పెట్టి, మెమరీ పేరు, సైజు కనబడ్డాయన్నారు. లోపలికి వెళ్లబోతే ఆగిపోయింది. అయినా ఆ రోజు నాకు మట్టి ముంతలో టీ పోసి, తన వాటాలో సగం కూడా నా ముంతలోకి వంచేశారు.

ఆ ఆగిన చోట ఉన్న చిన్న తప్పు సరిచేసి చలిదేశం ఆయన పంపిన ఉత్తరం మేష్టారు పోయిన మూడో రోజున వచ్చింది.

నది అవతల సంత్రాగాఛి నుంచి వచ్చిన మేష్టారి కూతురు తండ్రి ఉత్తరాలన్నీ మొదటి నుంచి చదివి నాకు తెలుగులో చెప్పింది. మొట్టమొదటి ఉత్తరంలో ఇలా ఉందట: అప్‌డేట్ నడుస్తోంది, ఆపవద్దని తెర మీద రాసే ఉంది, తొందరపడి నేనే ఆపేశాను, ముసలితనం.

మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే చదివింది. ఆ ఆపింది ఎవరో ఆ పిల్లకు తెలియదు. లేచి మేష్టారి ఫొటో దగ్గరికి వెళ్లాను, తిడదామని. నలభై ఏళ్లు డాక్‌లో నాకు అందని తిట్టు లేదు. ఆ రోజు ఒక్కటీ రాలేదు.

ఆ పిల్ల ఉత్తరంతో వచ్చిన కొత్త డ్రైవర్ పెట్టి చూసింది. ఆమెకు చేతకాలేదు, తెర మధ్యలోనే ఆగిపోతోంది. తండ్రి పోయాడని చలిదేశం ఆయనకు రాసింది. చాలా బాధపడ్డాడట. ఈ మోడల్ పట్టుకుని తనకు రాసినవాడు ఆయనొక్కడేననీ, నడిపి చూసే మనిషి లేకపోతే పని ఇక్కడే ఆగుతుందనీ, ఎవరైనా దొరికితే తాను ఉన్నాననీ రాశాడు.

అదీ సంగతి. పెట్టె నా దగ్గర ఉంది, మందు అక్కడ తయారుగా ఉంది, మధ్యలో మనిషి లేడు. నేను ఎవరి మీదైనా అరవగలను. దీని మీద అరిస్తే ఏం లాభం? ఇది చదివేవాళ్లలో ఆ పని తెలిసినవాళ్లుంటే ఏక్‌బాల్‌పూర్ రండి. మేష్టారి గది అంటే పిల్లలు చూపిస్తారు. చిప్పు ఊడదీస్తామని మాత్రం రాకండి, దబ్బనం ఇంకా నా దగ్గరే ఉంది.

మొన్న విశ్వకర్మ పూజకు సందు మీద ఆకాశమంతా గాలిపటాలు. దబ్బనం కడిగి పెట్టి, పక్కన మేష్టారి లాప్‌టాప్ పెట్టాను. కూతురు వచ్చి దాన్ని వెలిగించి, ఇంకోసారి చూస్తానని ఏదో నొక్కి, చీకటి పడకముందే ఇల్లు చేరాలని బస్సుకు వెళ్లిపోయింది. తెర మీద ఏవో అక్షరాలు వచ్చి ఆగాయి. ఆగాయో, నడుస్తున్నాయో నాకు తెలియదు. పెన్‌డ్రైవ్ చివర ఎర్రదీపం మిణుకుమంటోంది. పండగరోజు పనిముట్టు పని చెయ్యకూడదు. మీటకు దూరంగా, రెండో మూల ఒక బంతిపువ్వు పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బ్యాటరీ అయిపోయి ఆ దీపం తనంతట తాను ఆరేదాకా లేవలేదు.