వాచీకి గీత పడలేదు

ఆఫీసు నుంచి వచ్చి స్నానానికి పిలిస్తే మా అమ్మాయి ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంది. రెండో తరగతి పిల్ల. నీళ్లంటే పరిగెత్తుకొచ్చే పిల్ల.

"వాచీ తీయొద్దమ్మా. నువ్వు ముట్టుకుంటే గీతలు పడతాయని నాన్న చెప్పాడు."

బలవంతంగానే తీశాను. స్మార్ట్‌వాచీ వెనక భాగం ఎంత ఉందో అంత మేరా చర్మం ఎర్రగా కమిలిపోయింది. పట్టీ కింద సన్నటి నీటి పొక్కులు. మండుతోందా అంటే తలూపింది.

ఆ వాచీ కొనిపించింది నేనే. మణికొండలో బడి వ్యాను దిగి క్రెష్‌కి వెళ్లే పిల్ల ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తేనే నేను మీటింగులో కూర్చోగలను. మా చుట్టూ ఎటు చూసినా కొత్త టవర్లే లేస్తున్నాయి. సాయంత్రానికి ప్రతి వస్తువు మీదా సిమెంటు దుమ్ము. ఒకరోజు ఆ దుమ్ముతోనే నేను వాచీ అద్దాన్ని చున్నీతో గట్టిగా తుడిచేసరికి రెండు గీతలు పడ్డాయి. వాటి గురించి మా ఆయన చాలా రోజులు మాట్లాడారు. కొండాపూర్‌లో కొన్న షాపుకే తీసుకెళితే, టూత్‌పేస్టు పెట్టి రుద్దితే పోతాయన్నాడట అక్కడి మనిషి. ఇక మీదట పడకుండా ఉండడానికని తెర తుడిచే స్ప్రే సీసా కూడా ఒకటి అంటగట్టాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున పిల్ల బూట్లు వేసుకుంటుంటే, చేతికున్న వాచీ మీదే ఆయన అది కొట్టి మెత్తటి గుడ్డతో అద్దం తుడిచేవారు. కిందికి కారిన తడి పట్టీకీ చర్మానికీ మధ్య సాయంత్రం దాకా అలాగే ఉండేది. విప్పితే చేయి జారి పడుతుందని ఆయన భయం.

ఆయన ఇంటికి రాగానే వాచీ చేతిలో పెట్టాను. దాన్ని ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశారు.

"కొత్తగా గీతలేం పడలేదుగా?"

"వాచీ కాదండీ. దాని చెయ్యి చూడండి."

చూశారు. వెంటనే కారు తాళాలు అందుకున్నారు. అయినా ఆ మొదటి ప్రశ్న నాకింకా మింగుడు పడడం లేదు.

తెర తుడిచే మందు, చెమట కలిసి పట్టీ కింద నిలిచిపోయాయని, పూర్తిగా మానేదాకా ఆ చేతికి ఏదీ కట్టొద్దని చర్మం డాక్టరు చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు షాపు ముందు కారు ఆపించాను. పిల్ల చెయ్యి చూపించి, ఆ స్ప్రే ఒంటికి తగలకూడదని ఒక్క మాట చెప్పాల్సింది కదా అని అడిగాను. షాపతను వాచీ అందుకుని ఆన్ చేసి చూశాడు.

"వాచీకైతే ఏం కాలే కద మేడం. ఇగ పరేషాన్ ఎందుకు? బెల్టు మార్చుకోండ్రి, మంచి మాల్ ఉంది."

"చర్మం కూడా ఉందా భయ్యా, మార్చడానికి?"

అతను నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి నేనే శుభ్రం చేశాను. వాచీ ఆపేసి, పట్టీ ఊడదీసి, ముందు మెత్తటి కుంచెతో దుమ్ము రాల్చాను. కళ్లజోడు తుడిచే గుడ్డను మంచినీళ్లలో తడిపి, గట్టిగా పిండి, అద్దాన్నీ వెనక వైపునూ నెమ్మదిగా తుడిచాను. రబ్బరు పట్టీని పలచటి సబ్బునీళ్లలో కడిగి, జిగురంతా పోయేదాకా నీళ్లు పోసి, ఆరబెట్టాను. కొత్త గీత ఒక్కటీ పడలేదు. ఇంతే పని. దీనికి సీసా ఎందుకు? అద్దం గురించి ఇన్ని కబుర్లు చెప్పినవాళ్లలో ఒక్కరైనా, కట్టుకున్న పిల్ల చేతిని రోజూ కడిగి ఆరనివ్వమని చెప్పలేదేం?

పొద్దున అమ్మాయి, దాని నాలుగేళ్ల తమ్ముడు పాలు తాగుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను.

"ఒంటి మీద ఏది మండినా, దురద పెట్టినా వెంటనే తీసేయండి. మమ్మల్ని అడగక్కర్లేదు. పగిలితే పగలనివ్వండి."

"నాన్న తిడితే?" అంది అమ్మాయి.

"తిట్టరు. తిడితే నాతో చెప్పు."