చెయ్యి చూపించి కొట్టిన కాక

మా పక్క పోర్షన్ కాక చనిపోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో పెద్ద తెర ముందు నిలబడి, చేతిలో రిమోట్‌తో గాలిని నరుకుతున్నాను. మాదాపూర్‌లో వీడియో గేములు పరీక్షించే ఒక కంపెనీలో నా ఉద్యోగం అదే. మనం చెయ్యి ఎటు ఊపితే తెర మీద వీరుడు అటు కత్తి ఊపుతాడు. ఫోన్‌లో చిన్నమ్మ, అంటే కాక భార్య, "మీ కాక లేడు బిడ్డా" అన్నది. పక్షవాతం రెండోసారి వచ్చింది. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. నేను రిమోట్ కింద పెట్టలేదు. ఏం చెయ్యాలో తెలియక ఇంకోసారి ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మాకు చుట్టరికం ఏమీ లేదు. చందానగర్‌లో ఒకే ఇంట్లో పక్కపక్కన కిరాయికి ఉండేవాళ్ళం, అంతే. ఆయన ఐటీ ఆఫీసుల స్టాఫ్ బస్సు నడిపేవాడు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి, ఫోన్‌లో వీడియోలు చూసి పని నేర్చుకున్నవాణ్ణి. ఆయన మాత్రం ఎవరొచ్చినా నన్ను ఇంజనీరని చెప్పేవాడు. కాదు కాకా అంటే, "నువ్వు గమ్మునుండు, వాళ్ళేమన్న సర్టిఫికెట్ అడిగిన్రా?" అనేవాడు.

మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు కుడిచెయ్యి పడిపోయింది. కొంచెం కోలుకున్నాక బస్సుల కాంట్రాక్టరు దగ్గరికి పోతే, అక్కడి సూపర్‌వైజరు చెయ్యి కుదిరాక వచ్చి ఒకసారి నడిపి చూపించమన్నాడు. ఇక ఆయనకు వేరే ధ్యాస లేదు. మళ్ళీ స్టీరింగ్ పట్టాలి. దవాఖానలో పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని మాత్రం మంచం కిందికి విసిరేశాడు. "పసిపిల్లగాని లెక్క బంతితోని ఆడుకోవాల్నా?" అని. అప్పుడు నేనే అన్నాను, "కాకా, కత్తి పడతవా?"

నా గదిలో టీవీకి తగిలించి ఆడే ఒక సెకండ్‌హ్యాండ్ ఆటపెట్టె ఉంది. మా ఆఫీసులో పరీక్షించే ఆటే అందులో ఉండేది. వీరుడు అడవులూ గుహలూ దాటి ఒక పాత కోటకు చేరతాడు. కోట వాకిట్లో ఒక కాపలావాడు ఉంటాడు. మన చెయ్యి ఎటు ఉంటే వాడు డాలు అటే పెడతాడు. వాణ్ణి కొట్టాలంటే చెయ్యి ఒకవైపు చూపించి, చటుక్కున రెండోవైపు నుంచి నరకాలి. కాక అలా చేసేవాడు కాదు. కుడివైపు కొట్టాలంటే ముందు కుడికి చెయ్యి పూర్తిగా చాపి, కాసేపు ఆగి, అప్పుడు కొట్టేవాడు. ఎడమకైతే బస్సు కిటికీలోంచి మలుపు చూపించినట్టు చెయ్యి గుండ్రంగా తిప్పేవాడు. తెర మీద వీరుడు పిచ్చివాడిలా కత్తి గిరగిరా తిప్పుతుంటే కాపలావాడు తీరిగ్గా డాలు అడ్డం పెట్టుకునేవాడు.

"కాకా, ముందే చెయ్యి చాపుతున్నవు. వాడు చూస్తుండు."

"చాపకుండ ఎట్ల తిప్పుతర్రా? ఎనకొచ్చేటోనికి ఎట్ల తెలుస్తది?"

"ఎనక ఎవడు లేడు కాకా. ముంగట వీడొక్కడే ఉన్నడు."

"వీనికి గూడ తెల్వాలె గద."

చిన్నమ్మ వాకిట్లోంచి వినేది. "బస్సు చేతికి రాకముందే కొట్లాటకు దిగిండు. ట్యూబ్‌లైటుకు తగిలితె ఓనరుకు నువ్వే చెప్పు" అనేది. ఓడిపోయిన ప్రతిసారీ కాక నవ్వేవాడు. రోడ్డు మీద హారన్ కొట్టేవాళ్ళతో అనే మాటే కాపలావాడితోనూ అనేవాడు: "తొందరుంటె నువ్వే పో."

ఈ సంగతి ఆఫీసులో చెప్పాను. చెయ్యి నెమ్మదిగా కదిలేవాళ్ళు ఈ ఆటలో ఎప్పటికీ గెలవలేరు, ఏమన్నా చెయ్యండన్నాను. "మీ కాక మన ఆడియన్స్ కాదు బ్రో" అన్నాడు మా టీమ్ లీడ్, ల్యాప్‌టాప్‌లోంచి తల కూడా ఎత్తకుండా. ఆడియన్స్ కాదట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుకుతాను.

నడిపి చూపించే రోజు కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. మధ్యాహ్నం వచ్చి గడప మీద కూర్చుని, "బస్సు ఇయ్యలేర్రా" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. చిన్నమ్మ ఆ సూపర్‌వైజరును నోటికొచ్చినట్టు తిట్టింది. నేను ఆమె కంటే ఎక్కువ తిట్టాను. మరునాడు సాయంత్రం కాక మళ్ళీ నా గదికి వచ్చి రిమోట్ అందుకున్నాడు.

"ఇగ ఇదెందుకు కాకా?"

"ఊకెనే. పెట్టు."

ఆ తర్వాత కూడా రోజూ వచ్చాడు. రోజూ చెయ్యి చాపి, ఆగి, ఓడిపోయాడు.

దహనం అయిన మరునాడు నేను నల్లగండ్ల దగ్గర బస్సులు ఆపే జాగాకు పోయాను. ఆ సూపర్‌వైజరు కాలర్ పట్టుకుందామనే పోయాను. ఆయన కడప వైపు మనిషి. కాక పోయాడంటే లేచి నిలబడ్డాడు. ఒక్క అవకాశం ఎందుకివ్వలేదని అరిచాను.

"ఈలేదని ఎవురు చెప్పినారు నీకు? నడిపినాడు. బాగానే నడిపినాడు. సోమవారం నుంచి రమ్మని తాళం చేతికిచ్చినా. టేబుల్ మీద పెట్టేసి పోయినాడు."

"ఎందుకు?"

"'చెయ్యి ఇయ్యాల మాట ఇన్నది సారూ, రేపటి సంగతి చెప్పలేను, ఎనక మంది కూసుంటరు' అన్నాడు. నేనూ పోరుపెట్టినా. వినలేదు."

ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఇంట్లో ఎందుకు అబద్ధం చెప్పాడు? వద్దన్నది తానేనని తెలిస్తే చిన్నమ్మ ఊరుకోదనా? స్టీరింగే వద్దనుకున్నవాడు నా గదిలో ఇంకా దేనికి చెయ్యి ఊపాడు? రేపన్నా చెయ్యి మాట వింటుందేమోననా? నాకు తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా ఒక్కోసారి ఒక్కో రకంగా అనిపిస్తుంది. ఒకటి మాత్రం చెప్పగలను. నన్ను ఇంజనీరని పిలిచిన మనిషి ఇంకెవరూ లేరు.

దినకర్మ అయిపోయాక చిన్నమ్మ నా గదికి వచ్చింది. "ఆ బస్సులోడు ఒక్కపారి తోలనిచ్చినా మీ కాక బతుకుతుండె" అన్నది. చెప్పాలా వద్దా అని ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. చెప్పేశాను. తాళం చేతికివ్వడం, ఆయన తిరిగి పెట్టేయడం, అన్నీ.

"మంచిగ తోలిండా?" అని మాత్రం అడిగింది.

"మంచిగనే తోలిండట చిన్నమ్మా."

టీవీ పక్కన ఉన్న రిమోట్ చూసింది. "అదెట్ల పట్టుకుంటుండె?"

ఆట పెట్టి చేతికిచ్చాను. కాపలావాడు వచ్చి నిలబడ్డాడు. ఆమె చెయ్యి మెల్లగా కుడికి జరిపింది. డాలు అటు పోయింది. ఎడమకు జరిపింది. డాలు ఇటు వచ్చింది.

"నేనెటు పోతె అటే చూస్తుండేందిరా వీడు?"

"కొట్టు చిన్నమ్మా."

కొట్టలేదు. కాకలాగే చెయ్యి చాపి ఆగింది. ఆ చేతికి గాజుల్లేవు. తెర మీద కత్తి కూడా అక్కడే ఆగింది. ఎదురుగా వాడు, డాలు దించకుండా, ఆమె వైపే చూస్తున్నాడు.