నలుగురి పాట

వానాకాలంలో భవానీపూర్‌లోని మా రికార్డింగ్ గది తలుపు తీయగానే, గోడలకు అతికించిన స్పాంజి తడి వాసన కొడుతుంది. తేమ పీల్చే యంత్రం పెట్టించాను, తేమ శాతం చూపే మీటరూ తగిలించాను. వాసన మాత్రం పోలేదు. అది ముక్కుకు తగిలినప్పుడల్లా, ఖిదిర్‌పూర్‌లో పాత పరుపులు గోడలకు కట్టుకుని మేం పాటలు కట్టిన గది, ఆ గదిలో సూరి దా గుర్తొస్తారు.

ఆయన పేరు సూర్యనారాయణ. మాకు సూరి దా, అంటే బెంగాలీలో సూరి అన్న. తాత శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చారట. ఈయన ఖిదిర్‌పూర్‌లోనే పుట్టి, పగలు ఒక బడిలో సంగీతం చెప్పి, సాయంత్రాలు బెంగాలీ పాటల రాక్ బ్యాండ్ నడిపేవారు. బాపి డ్రమ్స్, రొనీ గిటార్. ఎలక్ట్రానిక్స్ చదివి విజయవాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన నేను, వాళ్ల యాంప్లిఫయర్ బాగుచేయడానికి వెళ్లి కీబోర్డు ముందు స్థిరపడ్డాను.

చేరిన కొత్తలో ఒక పాట పూర్తయ్యాక, రచయితల పేర్లు రాయాల్సిన చోట ఆయన నలుగురి పేర్లూ వేశారు. మాటలు ఆయనవి, బాణీ ఆయనది. నేను చేసిందల్లా రెండు చరణాల మధ్య చిన్న స్వరాల ముక్క.

"ఇది సరికాదు, సూరి దా. మాటలకు సగం, బాణీకి సగం అని ఒక పద్ధతి ఉంది. ఆ లెక్కన నాకేమీ రాదు" అన్నాను.

ఆయన నవ్వారు. "ఏటి ఇంజినీరూ, పాటని కూడా విప్పి మరలు ఎంచుతావేటి? రేపు నువ్వు వాయించకు. కూకోని ఇను."

అది వాళ్ల ఆనవాయితీ అని తరవాత తెలిసింది. పాట కట్టడం ముగిశాక ఒక్కొక్కరూ ఒక్కోసారి ఊరికే కూర్చోవాలి. మిగిలినవాళ్లు వాయించాలి. మర్నాడు నేను కూర్చున్నాను. మొదటి చరణం ముగిసి రెండోది అందుకునేచోట, చీకట్లో మెట్టు దొరకని మనిషిలా పాట తూలింది.

"నీది నీకు ఇనబడిందా?" అని అడిగారు. తలూపాను.

పాటలో ఎవరి వాటా ఎంతన్న మాట నేను మళ్లీ ఎత్తింది బాపి వెళ్లిపోయాకే. ఎక్కువ కచేరీలున్న ఇంకో బ్యాండు పిలిస్తే, "ఈ ముసలాయన పరుపుల గదిలో కుళ్లిపోలేను" అని మా ముందే డ్రమ్ము పుల్లలు విసిరేసి పోయాడు. అతని చోట కొత్త డ్రమ్మర్‌ను పెట్టుకున్నాం. కొన్ని నెలలకు ఒక సినిమా కంపెనీ బాపి ఉండగా కట్టిన మా నది పాట అడిగింది. సూరి దా జీవితమంతా ఎదురుచూసిన కబురు అది. రచయితలుగా పేరున్న వాళ్లందరి సంతకాలూ కావాలన్నారు.

"బాపి పేరు తీసేద్దాం" అన్నాడు రొనీ. నేనూ వంత పాడాను. "కొత్త డ్రమ్మర్‌తో పాట బాగానే ఉంది కదా. మీ పరీక్ష ప్రకారం చూసినా బాపి లేకుండా నిలబడింది."

సూరి దా కొత్త డ్రమ్మర్ వైపు తిరిగారు. "బాపి రికార్డింగ్ విని నేర్చుకున్నది వద్దు. నీకు తోచింది వాయించు."

అతను తప్పు లేకుండా వాయించాడు. నది పాటలో రెండో దెబ్బ ఒక పిసరు ఆలస్యంగా పడుతుంది, నీళ్లు రేవు మెట్టుకు తగిలి వెనక్కి జారినట్టు. అది పోయేసరికి పాట కవాతులా నడిచింది. రొనీ సగంలోనే గిటార్ దించేశాడు.

ఆ ఆదివారం సూరి దా, నేను లాంచీలో గంగ దాటి హౌరాలో బాపి ఇంటికి వెళ్లాం. వాళ్లమ్మ టీ ఇచ్చింది. బాపి కూర్చోలేదు. "ఇంత దూరం ఎందుకు వచ్చావు దాదా? నా పేరు కొట్టేసుకో. ఆ పాటతో నాకు పని లేదు" అన్నాడు బెంగాలీలో.

సూరి దా కూడా బెంగాలీలోనే అన్నారు. "నీకు లేకపోవచ్చు. ఆ పాటకు నీతో ఉంది."

"నేను సంతకం పెట్టను."

"సరే. అయితే పాట ఇవ్వం." టీ పూర్తిగా తాగి, బాపి తల్లికి నమస్కారం చేసి లేచారు.

తిరుగు లాంచీలో నేను ఆగలేకపోయాను. "అన్నేసి మాటలన్నవాడి కోసం సినిమా వదులుకుంటారా? ఇంకోసారి వస్తుందా ఇది?"

ఆయన నీళ్లకేసి చూస్తూ, "రాదు" అన్నారు. "ఆడు తిట్టింది నన్ను, ప్రసాదూ. పాటకేటి అన్యాయం చేసినాడు? నాకు కోపమొచ్చిందని ఆడి దెబ్బ నాదైపోద్దా?" అన్నారు.

సినిమా మరొకరి పాటతో వచ్చింది. సూరి దా టికెట్టు కొనుక్కుని చూసొచ్చి, "మంచి పాటేరా. మనదైతే ఇంకా బాగుండేది" అన్నారు. తరవాత ఎవరూ మమ్మల్ని అడగలేదు. రెండేళ్లు తిరక్కుండానే ఆయన గుండెపోటుతో పోయారు.

ఈమధ్య రొనీ, నేను నది పాట పాత రికార్డింగ్‌ను నలుగురి పేర్లతోనే ఇంటర్నెట్‌లో పెట్టాం. ఆ సంగతి విని బాపి పిలవకుండానే మా రికార్డింగ్ గదికి వచ్చాడు. కంప్యూటర్ తెర మీద పేర్లు చూసి, "దాదా పేరు ముందు వెయ్యి" అన్నాడు. మా పేర్లు ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాల వరుసలోనే పడేవి, అది సూరి దా పెట్టిన పద్ధతి. బాపి, ప్రసాద్, రొనీ, సూరి.

"మార్చమనడానికి ఆయన లేరు" అన్నాను.

అన్నిటికన్నా ముందున్న తన పేరును బాపి చాలాసేపు చూశాడు. "ఆ రోజు మా ఇంట్లో నన్ను ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది" అన్నాడు.

ఈ నలుగురిలో పాట అసలు రాసిందెవరని విన్నవాళ్లు అడుగుతుంటారు. మాటలెవరివో, బాణీ ఎవరిదో నాకు అక్షరం అక్షరం తెలుసు. ఆయన్ని ఒక్కరినే ముందు నిలబెట్టి చూపించాలని నా వేళ్లు తహతహలాడతాయి. ఆపుకుని, "నలుగురం" అని జవాబు రాస్తాను. ఆ ఒక్క మాట రాయడం నాకు ఇప్పటికీ తేలిక కాలేదు.