చేపకు ఓబులేసు సారు పేరు

ఊళ్లో సగం బోర్లు ఎండిపోయినా ఎండని పరువు మా ఇంటిది. దాన్ని ఒక్క మధ్యాహ్నంలో నేనెలా ఆవిరి చేశానో చెబుతాను. తీరిగ్గా కూర్చుని నవ్వుకోండి.

ఎమ్మెస్సీ జువాలజీ అయిపోయి, పీహెచ్‌డీ సీటు కోసం మా ప్రొఫెసర్ ఓబులేసు సారు చుట్టూ తిరుగుతున్న రోజులవి. సీటు రాకపోతే రాయదుర్గంలో మా మామ నడిపే జీన్స్ యూనిట్లో గుండీలు కొట్టడానికి పంపుతానని నాయన మంచిరోజు కూడా చూసిపెట్టాడు. వాన మొహం చూడని అనంతపురంలో కూర్చుని నేను పరిశోధనకు ఎంచుకున్నదేమిటో తెలుసా? ఆఫ్రికా నదుల్లోని కరెంటు చేపలు. షాక్ కొట్టేంత కరెంటు కాదు లెండి, చీకటి నీళ్లలో దారి వెతుక్కునేంత. వాటిలో దగ్గరి జాతులను కంటితో చూసి కన్నతల్లి కూడా విడదీయలేదు. నీళ్లలో తీగలు పెట్టి కంప్యూటర్‌కు కలిపితే తెర మీద గీత వస్తుంది. ఏ జాతి గీత దానిదే.

బెంగళూరులో అక్వేరియం కొట్టు నుంచి అలాంటి పొడుగు మూతి చేపలు రెండు తెచ్చాను. ఒకటి నా గదిలో, చోటు చాలక రెండోది హాల్లో పెట్టాను. రెండు తొట్లలోనూ కుళాయి నీళ్లే పోశాను. తీగలూ సామానూ సమకూరేసరికి నెల పట్టింది. ఈలోగా మన ఎండకు గదిలో తొట్టి తగ్గుతూ వచ్చింది, హాల్లోది తగ్గనే లేదు. అది నాకు వింతగా కూడా తోచలేదంటే నా శాస్త్రజ్ఞానం మీకు అర్థమయ్యే ఉంటుంది.

గదిలో చేప గీతకు రెండు మూపురాలు వచ్చాయి. హాల్లో చేపకు ఒకటి కుంగిపోయింది. ఇంకెవరైనా అయితే మళ్లీ చూసుకునేవాళ్లు. నేను కొత్త జాతి అని తేల్చి పేరు పెట్టేశాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, నాకు చేపైతే ఉంది, జాతే లేదు. సీటిచ్చేది సారే కాబట్టి ఆయన పేరుకే లాటిన్ తోక తగిలించి 'ఓబులేసియై' అన్నాను.

ఆ వారమంతా సారు నేల మీద నడవలేదు. వియ్యంకుడికి కూడా ఫోన్ చేసి చెప్పుకున్నారు. ఆదివారం స్వీట్ల డబ్బాతో మా ఇంటికొచ్చి, పసిబిడ్డను చూడ్డానికి వచ్చినట్టు హాల్లో తొట్టి ముందు కూర్చున్నారు.

"మూతి నా మాదిరే ఉండాదిలేప్పా" అని మురిసిపోయారు.

అంతలో అమ్మ చెంబుతో వచ్చి తొట్టిలో నీళ్లు పోసింది. అవేం నీళ్లని సారు అడిగారు.

"బోరు నీళ్లు సార్. వీడు కుళాయి నీళ్లు పోసి పెట్టినాడు. తాగే నీళ్లు చేపలకు పోస్తే కళ్లు పోవా? దినామూ ఇన్ని తీసి కుండీలకు పోసి, ఇవి పోస్తాండా."

"మరి గదిలో చేపకు?"

"గదికి తాళమేసుకుని పోతాడు సార్. లేకుంటే దానికీ పోసేదాన్ని."

మా బోరు నీళ్లలో పప్పు ఉడకదు. అంత ఉప్పున్న నీళ్లలో చేప కరెంటు పారే తీరు మారి, గీత కూడా మారిపోతుంది. ఇది మొదటి పాఠంలోనే ఉంటుంది. నేను రెండో పాఠం నుంచి చదివాను.

సారు ఒక బక్కెట్టు కుళాయి నీళ్లు అడిగారు. అమ్మ గొణుక్కుంటూనే ఇచ్చింది. హాల్లో చేపను అందులో వేసి తీగలు కలిపితే, కుంగిన మూపురం ఏమీ ఎరగనట్టు లేచి నిలబడింది. నాకు భూమిలోకి దూరిపోదామనిపించింది.

"నా పేరు బక్కెట్టు నీళ్లకు కరిగిపాయె కదప్పా" అని సారు స్వీట్ల డబ్బా చంకలో పెట్టుకుని లేచారు. గడప దగ్గర వెనక్కి తిరిగి, "సీటిస్తాలే. చేపల మీద కాదు, బోరు నీళ్ల మీద" అన్నారు.

అప్పటినుంచి రాప్తాడు పొలాల్లో సీసాలు పట్టుకుని బోరు బోరుకూ తిరుగుతున్నాను. సారు వియ్యంకుడు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా చేప కులాసానా అని అడుగుతూనే ఉన్నాడట.

కాబట్టి ఆ బోర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ ప్రాణికైనా పేరు పెట్టేముందు, దాని తొట్టిలో మా అమ్మ ఏం పోసిందో కనుక్కుంటాను.